కెమెరా తీయగానే పాప పారిపోతోంది

ప్రశ్న: మా పాపకు మూడేళ్ళు దాటాయి, బాబుకు తొమ్మిది నెలలు. చిన్నతనం దాటిపోకముందే మంచి ఫోటోలు తీసి పెట్టుకోవాలని కెమెరా కొన్నాను. దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ కాక, అందరూ చెబితే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కూడా తీసుకున్నాను. ఆరు నెలలైంది. సగం ఫోటోలు మసకగా వస్తున్నాయి. మిగతా సగంలో పాప పళ్ళన్నీ బయటపెట్టి, మెడ బిగబట్టి అదోరకంగా నవ్వుతుంది. ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా నవ్వదు. ఈమధ్య ఆ నవ్వూ లేదు. కెమెరా చూస్తే చాలు, 'వద్దమ్మా' అని పారిపోతోంది. ఫోన్లో తీసినవే నయమనిపిస్తోంది. ఫ్లాష్ కొనాలా? ఇంకా ఖరీదైన లెన్స్ కావాలా? ఐదు ఫోటోలు పంపుతున్నాను, చూసి చెప్పండి. ఇంకో మాట. మా చెల్లెలికి నెల క్రితం బాబు పుట్టాడు. పసివాడు గడ్డం కింద చేతులు పెట్టుకుని నిద్రపోతున్నట్టు ఫోటోలు వస్తాయి కదా, అలాంటిది తీయమని అడుగుతోంది. ఎలా తీస్తారు?

జవాబు: ఏమీ కొనకండి. ఫ్లాషూ వద్దు, లెన్సూ వద్దు.

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. అది ఫోటో సంగతి కాదు, పసివాడి మెడ సంగతి. మీరు చెప్పిన ఫోటో ఒక్క క్లిక్కులో తీసింది కాదు. పెద్దవాళ్ళు ఒకరు బిడ్డ తలను పట్టుకుంటే ఒకటి, మణికట్లను పట్టుకుంటే ఇంకొకటి తీసి, రెండింటినీ కంప్యూటర్లో అతికించి, పట్టుకున్న చేతుల్ని చెరిపేస్తారు. నెల పిల్లలకు మెడ నిలవదు, ఆ తల బరువు ఆ చేతులమీద ఒక్క క్షణం కూడా పడకూడదు. చెల్లెలికి ఈ మాట చెప్పి ఆ కోరిక మాన్పించండి. బాబును పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీ వెలుతురు నుదుటి వైపు నుంచి గడ్డం వైపుకు జారేలా తిప్పుకుని, పైనుంచి తీయండి. గడ్డం వైపు నుంచి వెలుతురు పడితే మాత్రం పసిముఖం కూడా దయ్యం ముఖంలా కనిపిస్తుంది. కెమెరా పట్టీ మెడలో వేసుకోవడం మరిచిపోవద్దు. కింద ఉన్నది బిడ్డ.

ఇక మీ ఐదు ఫోటోలు. 'మసక' అని మీరు ఒకే మాటతో చెప్పేశారు కానీ, వాటిలో మూడు రకాల మసకలున్నాయి. మూడింటికీ మూడు వేరు వేరు మందులు.

మొదటి ఫోటోలో వెనక గోడ మీది గడియారంలో అంకెలు కూడా చదవగలుగుతున్నాను. పాప చెయ్యి మాత్రం తడి కుంచెతో లాగినట్టు సాగిపోయింది. అంటే కెమెరా కదల్లేదు, పాప కదిలింది. ఫైల్ వివరాల్లో చూశాను, షట్టర్ స్పీడ్, అంటే వెలుతురు కోసం కెమెరా తెర తెరుచుకుని ఉండే సమయం, సెకనులో 40వ వంతు. రెండో ఫోటోలో గోడ, కుర్చీ, పాప అన్నీ ఒకే వైపుకు చెదిరాయి. అక్కడ కదిలింది మీ చెయ్యి. మూడోదాన్ని పెద్దది చేసి చూడండి. పాప చెవి దగ్గరి వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, కళ్ళు మాత్రం మెత్తబడిపోయాయి. అక్కడ ఎవరూ కదల్లేదు, ఫోకస్ తప్పింది. ఇకమీదట ఫోటో చెడినప్పుడల్లా ముందు ఇది చూసుకోండి: ఫోటోలో ఎక్కడైనా ఏదైనా స్పష్టంగా ఉందా, ఉంటే అదేమిటి? జవాబులోనే రోగం తెలిసిపోతుంది.

మొదటి రెండింటికీ కారణం కెమెరాను ఆటోలో వదిలేయడం. ఇంట్లో వెలుతురు తక్కువ కాబట్టి అది షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచింది. గోడకైతే ఆ వేగం చాలు. మూడేళ్ళ పిల్లకు ఎక్కడ చాలుతుంది! ఇది ఈనాటి బాధేమీ కాదు లెండి. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలిసిన తొలి ఏళ్ళలో మనిషి కదలకుండా చాలాసేపు కూర్చోవాల్సి వచ్చేది. తర్వాత్తర్వాత అది కొన్ని సెకన్లకు తగ్గినా, పసిపిల్లలకు ఆ కొన్ని సెకన్లూ ఎక్కువే. అందుకని తల్లికి నిలువునా దుప్పటి కప్పి, కుర్చీలా కూర్చోబెట్టి, ఆ ఒడిలో బిడ్డను ఉంచి తీసేవారు. అలాంటి పాత ఫోటోల్లో బిడ్డ వెనక గుడ్డ కప్పిన ఆకారం ఒకటి స్పష్టంగా తెలిసిపోతూనే ఉంటుంది. మీకా అవస్థ లేదు. మీ కెమెరా సెకనులో నాలుగు వేలవ వంతు వేగంతో కూడా తీయగలదు. అడిగితేనే కదా తీసేది!

కాబట్టి 50 ఎంఎం లెన్స్ బిగించి, మోడ్ డయల్‌ను 'ఎం' (మాన్యువల్) మీదికి తిప్పండి. భయపడకండి, మీరు పెట్టేవి రెండే అంకెలు. షట్టర్ స్పీడ్ 1/320, అపర్చర్ ఎఫ్/2.8. అపర్చర్ అంటే లెన్స్ లోపల వెలుతురు దూరే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది. ఐఎస్ఓను, అంటే వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెను, ఆటోలో వదిలేసి, గరిష్ఠం 6400 అని మెనూలో చెప్పండి. మిగతా లెక్క అదే చూసుకుంటుంది. పాప గంతులేస్తుంటే 1/500కు, ఎగిరి దూకుతుంటే 1/1000కి పెంచండి. బయట ఎండలో ఇదే అమరికతో తీస్తే ఫోటో తెల్లగా పాలిపోతుంది, అక్కడ ఇంకా బాగా పెంచాలి. ఐఎస్ఓ పెరిగితే ఫోటోలో సన్నని ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. రానివ్వండి. నాయిస్ ఉన్న ఫోటోను ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ముద్దుగా చూసుకుంటారు. కళ్ళు చెదిరిన ఫోటోను ఈ సాయంత్రమే డిలీట్ చేస్తారు.

మూడో రకం మసక మీ కొత్త లెన్స్ పుణ్యం. ఎఫ్/1.8 ఉంది కదా అని అందరూ దాన్ని అక్కడే పెట్టి తీస్తారు, నేనూ మొదట్లో అలాగే తీశాను. మీ కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సార్, ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు. దానిమీద 50 ఎంఎం లెన్స్‌తో మీటరు దూరం నుంచి ఎఫ్/1.8లో తీస్తే, స్పష్టంగా వచ్చే మందం దాదాపు మూడు సెంటీమీటర్లే. పాప తల కాస్త తిప్పితే ఒక కన్ను ఆ మూడు సెంటీమీటర్లలో ఉంటుంది, రెండోది ఉండదు. పిల్ల ఒక్క అంగుళం ముందుకు వంగిందా, రెండూ పోయినట్టే. అర మీటరు వెనక్కి జరిగి ఎఫ్/2.8 పెట్టి చూడండి, ఆ మందం పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వెనకాల బ్యాక్‌గ్రౌండ్ అప్పుడూ మెత్తగానే ఉంటుంది. ఇద్దరు పిల్లలూ ఒకే ఫోటోలో ఉంటే ఎఫ్/4 లేదా ఎఫ్/5.6, ఇద్దరి ముఖాలూ కెమెరాకు ఒకే దూరంలో ఉండేలా. ఫోకస్‌ను ఏఎఫ్-సీలో పెట్టండి, కొన్ని కెమెరాల్లో దాన్నే ఏఐ సర్వో అంటారు. కదులుతున్న పిల్లను అది వదలకుండా వెంబడిస్తుంది. కంటిని గుర్తుపట్టే సదుపాయం ఉంటే ఆన్ చేయండి, లేకపోతే ఒక్క ఫోకస్ పాయింట్ తీసుకుని మీకు దగ్గరగా ఉన్న కంటిమీద ఉంచండి.

ఫోన్ ఫోటోలే నయమనిపించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఫోన్ సెన్సార్ చిన్నది, కాబట్టి దాదాపు అన్నీ ఫోకస్‌లోనే ఉంటాయి. పైగా అది ఒక్క నొక్కుకు చాలా ఫోటోలు తీసి కలుపుకుంటుంది. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, తీయండి. కాకపోతే ఫోన్ ప్రధాన లెన్స్ బాగా వెడల్పుది. ముఖం దగ్గర పెట్టి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. రెండడుగులు వెనక్కి వేసి 2ఎక్స్‌లో తీస్తే పిల్ల ముఖం పిల్ల ముఖంలా వస్తుంది.

ఐదో ఫోటో కెమెరా నెత్తిమీది ఫ్లాష్‌తో తీసింది. ముఖం ఒత్తిన పిండిలా చదునుగా ఉంది, వెనక గోడమీద పాపకంటే నల్లగా ఇంకో పాప నిలబడి ఉంది. కొత్త ఫ్లాష్ కొన్నా, దాన్ని నేరుగా ముఖంమీదికి కొడితే ఇంతే. పైకప్పుకు కొట్టి వెలుతురు కిందికి దిగేలా చేయడం వేరే విద్య, కావాలంటే ఎప్పుడైనా నేర్చుకుందురుగాని. ఇప్పటికి మీ ఇంట్లో కిటికీ ఉంది చాలు.

ఈ కిటికీ పని పాప నిద్రపోతున్నప్పుడు చేసి పెట్టుకోండి. పాపకు ఓ బొమ్మ ఉండే ఉంటుంది కదా, గాజు కళ్ళదైతే ఇంకా మంచిది. గదిలో బల్బులన్నీ ఆర్పేయండి. బల్బు వెలుతురు ఒక రంగు, పగటి వెలుతురు ఇంకో రంగు. రెండూ కలిస్తే ఒక బుగ్గ పసుపు, ఒక బుగ్గ నీలం అవుతాయి. సైలెంట్ షట్టర్ వాడితే కొన్ని ఎల్ఈడీ బల్బుల కింద ఫోటోకు అడ్డంగా చారలు కూడా పడతాయి. కిటికీలోంచి ఎండ నేరుగా పడుతుంటే పల్చని తెల్ల కర్టెన్ వేయండి. బొమ్మను కిటికీకి మీటరు దూరంలో నేలమీద కూర్చోబెట్టి, నెమ్మదిగా తిప్పుతూ దాని కళ్ళనే చూడండి. ఒక కోణంలో కళ్ళు రెండు నల్ల గుంటలు. ఇంకాస్త తిప్పండి. ఒక కంట్లో చిన్న తెల్ల చుక్క మెరుస్తుంది, తర్వాత రెండో కంట్లో. అది కిటికీ ప్రతిబింబం. రెండు కళ్ళలోనూ ఆ చుక్క పడి, కిటికీకి దూరంగా ఉన్న బుగ్గ కాస్త నీడగా ఉన్నచోట ఆగండి. ఆ నీడ మరీ నల్లగా ఉంటే అటువైపు ఓ తెల్ల దుప్పటి పరచండి లేదా కుర్చీమీద వేలాడదీయండి. బొమ్మను రెండు మూడు తీసి, వెలుతురు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు నేలమీద ఆ చోటును గుర్తుపెట్టుకుని బొమ్మను అక్కడే వదిలేయండి. పాప లేచాక దాని దగ్గరికి తనే వస్తుంది.

బట్టల సంగతి ఒక్క మాట. ఓసారి నేను కాషాయానికీ నారింజకీ మధ్య మెరిసిపోయే చొక్కా వేసిన పిల్లాణ్ని చక్కటి వెలుతురులో కూర్చోబెట్టి అరవై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే అరవైలోనూ గడ్డం కింద నారింజ రంగు పులుముకుని ఉంది. చొక్కామీద పడ్డ వెలుతురు గడ్డంమీదికి ఎగిరింది. ఆ రంగు కడగడానికి ఓ రాత్రంతా పట్టింది. అప్పటినుంచి మెత్తని రంగులు, బొమ్మలూ రాతలూ లేనివి వేయమని చెబుతున్నాను. పచ్చగడ్డిమీద కూర్చోబెట్టినా ఇదే గొడవ, అక్కడ గడ్డం ఆకుపచ్చగా మారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పాప కెమెరాకు భయపడి పారిపోవడం లేదండీ. కెమెరా పట్టుకోగానే మీరు మారిపోతున్నారు. మీ ఉత్తరంలో మీకు తెలియకుండానే ఆ మాట రాశారు: 'ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా నవ్వదు.' అప్పటిదాకా కబుర్లు చెబుతున్న అమ్మ ముఖం ఒక నల్ల డబ్బా వెనక్కి పోతుంది. అక్కడినుంచి 'ఇటు చూడు, కదలకు, చెయ్యి తియ్యి, నవ్వు' అని ఆజ్ఞలొస్తాయి. మధ్యలో ఏదో బటన్ కుదరక అమ్మ విసుక్కుంటుంది కూడా. మూడేళ్ళ పిల్లకు ఆ విసుగు ఎవరిమీదో ఎలా తెలుస్తుంది? తనమీదే అనుకుంటుంది. అందుకే సెట్టింగ్స్, వెలుతురు, ఫోకస్ అన్నీ బొమ్మతో ముందే ముగించుకోమన్నాను. పాప వచ్చాక మీకు కెమెరాతో పని ఉండకూడదు, పాపతోనే ఉండాలి.

'నవ్వు' అనే మాటను ఇంట్లో కొన్నాళ్ళు నిషేధించండి. 1862లో డుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు ముఖ కండరాలమీద ఒక పుస్తకం రాశాడు. పెదవులను సాగదీసే కండరం మనం చెప్పినట్టు వింటుందనీ, నిజమైన సంతోషానికి మాత్రమే కంటి చుట్టూ ఉన్న కండరం కదులుతుందనీ అందులో గమనించాడు. మీ పాప చేస్తున్నది సరిగ్గా అదే. అమ్మ అడిగింది నవ్వు కాబట్టి, తన చేతిలో ఉన్న కండరాన్ని ఉన్నంత మేరా సాగదీసి ఇచ్చింది. పాపం, మాట విన్నది!

మూడేళ్ళ పిల్లలకు పెద్దవాళ్ళ తప్పులు దిద్దడమంటే మహా సరదా. చెవి పట్టుకుని 'ఇది నీ ముక్కు కదూ' అనండి. ఆమె సాక్సును బొమ్మ నెత్తిన తొడగబోండి. రెండున్నరేళ్ళ పిల్లాడొకడు నేను వెళ్ళగానే కర్టెన్ వెనక దూరాడు. వాళ్ళమ్మ పిలిచింది, నాన్న బతిమాలాడు, రాలేదు. నేను కెమెరాను నేలమీద పెట్టి, వాడి చెక్క దిమ్మలు తీసుకుని, పెద్ద దిమ్మను చిన్నదానిమీద నిలబెట్టడం మొదలుపెట్టాను. పడిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడిపోయింది. కర్టెన్ అంచున ముందు ఒక బొటనవేలు కనిపించింది, తర్వాత ముక్కు. మూడోసారి పడగానే వాడు ఆగలేక వచ్చి నా చేతిలోంచి దిమ్మ లాక్కుని, 'ఇలా కాదు' అన్నాడు. అలా అంటున్నప్పటి ముఖం నా దగ్గర ఉంది. నవ్వు లేదు అందులో, మేస్త్రి గారి గాంభీర్యం ఉంది. వాళ్ళమ్మ ఆ రోజు తీసినవాటిలో అదే కావాలంది.

పిల్లలు పకపకా నవ్వేటప్పుడు అందరూ క్లిక్కుమనిపిస్తారు. మీరూ తీయండి, కానీ వేలు అక్కడే ఉంచండి. నవ్వు ఆగిన తర్వాతి క్షణంలో ముఖం మెల్లగా సర్దుకుంటుంది, కళ్ళలో ఆ తడి మెరుపు ఇంకా ఉంటుంది. నాకు ఎప్పుడూ మంచివి అక్కడే దొరుకుతాయి. ఇంకెవరైనా పక్కనుండి ఆడిస్తుంటే వాళ్ళను మీ భుజం వెనక, లెన్స్‌కు దగ్గరగా నిలబెట్టుకోండి. గది మూలన నిలబడి చప్పట్లు కొడితే పిల్ల చూపు ఆ మూలకే పోతుంది.

మీరు ఎక్కడుండాలి? నేలమీద. మీ ఐదు ఫోటోల్లో నాలుగు మీరు నిలబడి తీసినవి. అందుకే తల పెద్దదిగా, కాళ్ళు పుల్లల్లా వచ్చాయి. లెన్స్ పాప కళ్ళ ఎత్తుకు దిగాలి. బాబుకైతే బోర్లా పడుకోవాల్సిందే, మోచేతులు రెండూ నేలకు ఆనితే కెమెరా కూడా వణకదు. బాబు ఇప్పుడిప్పుడే కూర్చుంటున్నాడు కాబట్టి పక్కకు ఒరిగిపోతాడు. ఎవరో ఒకరు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి, ఆ చెయ్యి ఫోటోలో పడినా నష్టం లేదు. కుర్చీలు, బల్లలు, బుట్టలు ఎక్కించడం వద్దు, నేలే మంచిది.

పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. నిద్ర లేచి కడుపు నిండిన తర్వాతి సమయం మంచిది. ప్రతి ఫోటో తీయగానే పాపకు తెరమీద చూపించొద్దు, అలవాటైతే క్లిక్కు వినగానే మీ దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. అన్నీ అయ్యాక ఒక్కసారి చూపించండి. మొదటి రోజైతే అసలు మీరు తీయకండి, కెమెరా పట్టీ తన మెడలో వేసి, అడుగున మీ చెయ్యి పెట్టుకుని, మిమ్మల్ని తీయమనండి. మీ మోకాలూ సగం పైకప్పూ వస్తాయి. ఆ రోజు పాప మీకు 'ఇటు చూడు, నవ్వు' అని చెబితే, అది ఎవరి దగ్గర నేర్చుకుందో మీకే తెలుస్తుంది.

'వద్దమ్మా' అన్న రోజు మాత్రం కెమెరా లోపల పెట్టేయండి. 'ఒక్కటే, ఒక్కటే' అని బతిమాలొద్దు. వద్దంటే అమ్మ ఆపేస్తుందని నాలుగైదుసార్లు తెలిసిందంటే, తర్వాత తనే పరుగెత్తదు.

నాలుగో ఫోటో గురించి చెప్పలేదు కదూ. 'ఇది పొరపాటున నొక్కుకుంది' అని దాని కింద రాశారు. పాప గుమ్మం దగ్గర కూర్చుని, తమ్ముడి సాక్సును తన చేతికి తొడుక్కోవడానికి తంటాలు పడుతోంది. నాలుక కొస పళ్ళ మధ్య చిక్కింది. కళ్ళు కిందికి వాలి ఉన్నాయి, కెమెరా ఉన్నట్టే తెలియదు. పక్కనుంచి వెలుతురు చెంపమీద పడి, చెవి దగ్గరి నూగు మెరుస్తోంది. కెమెరా మీ ఒళ్ళో ఉండగా నొక్కుకున్నట్టుంది, అందుకే ఎత్తు కూడా సరిగ్గా కుదిరింది. ఐదింటిలో ప్రింట్ వేయించాల్సింది అదొక్కటే. కుడివైపు చీపురు కనబడుతోంది, ఉండనివ్వండి.

కిటికీ దగ్గర తీసినవి రెండు పంపండి. బొమ్మవైనా పర్వాలేదు. షట్టర్ స్పీడ్ ఎంత పెట్టారో రాయడం మరవకండి.